ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ మార్చనివ్వరు, పెరటి గదిలో వైఫై నిలవదు. ఏం చేయాలండి?

పెరటిగది:

నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర ఓ పల్లెటూరు. పెద్దలనాటి మండువా లోగిలి. నేను ఇంటి నుంచే మెడికల్ బిల్లింగ్ పని చేస్తున్నాను. కంపెనీ హైదరాబాదులో, క్లయింటు అమెరికాలో. మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే రాత్రి పదకొండు దాకా లాగిన్‌లో ఉండాలి. రోగుల వివరాలుండే పని కాబట్టి తలుపు వేసుకునే చేయాలన్నది షరతు. ఇంత ఇంట్లోనూ తలుపేసుకుంటే అలికిడి వినపడని గది ఒక్కటే, పెరటి వైపు గది. ఒకప్పుడు ధాన్యం బస్తాలు వేసేవారట. నేను దాన్నే ఆఫీసు చేసుకున్నాను.

నెట్ డబ్బా మాత్రం వీధి వైపు గదిలో ఉంది. స్తంభం నుంచి వైరు అటు దిగింది కాబట్టి బిగించిన అబ్బాయి అక్కడే ఇనప బీరువా మీద పెట్టేసి, టీవీ వచ్చిందా అని చూసుకుని వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి నా గదికి రావాలంటే రెండు గోడలు, మధ్యలో మండువా, మళ్ళీ ఒక గోడ. అవన్నీ మూరెడు మందం గోడలు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. అది నాదీ కాదు, కంపెనీదీ కాదు. క్లయింటు వాళ్ళు అక్కడే కొని, అన్నీ సెట్ చేసి పంపారు. ఛార్జరు పిన్ను కూడా వాళ్ళదే, రెండు చదును రేకులు. మన సాకెట్‌లో నిలబడదు కాబట్టి మధ్యలో ఇంకో ప్లగ్గు తగిలించి నెట్టుకొస్తున్నాను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు. డివైస్ మేనేజర్ తెరిచి చూడొచ్చు గానీ ఏదీ మార్చలేం. పెన్‌డ్రైవ్ పెడితే ఒప్పుకోదు. ఏ సాఫ్ట్‌వేరూ వేయనివ్వదు. స్పీడ్ టెస్ట్ సైటు తెరిచినా సంస్థ నియమాల ప్రకారం ఆపేశామని బోర్డు చూపిస్తుంది. వీపీఎన్ (వాళ్ళ నెట్‌వర్క్‌కి వెళ్ళే రహస్య దారి) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆపే బటనే లేదు.

వచ్చే ఇబ్బందులు ఇవి. మామూలు రోజుల్లో వైఫై గుర్తు ఒక గీతకి పడిపోయి, కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. కరెంటు పోయినప్పుడు ఇంకా ఘోరం. డబ్బాకి ఇన్వర్టర్ లైను ఉంది, నెట్ ఆగదు, అయినా ల్యాప్‌టాప్ నత్తనడకే. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఒక్కోసారి ల్యాప్‌టాప్‌లో మా వైఫై పేరే కనిపించదు. పక్కింటి వాళ్ళది కనిపిస్తుంది, మాది కనిపించదు! ఫోన్లో మాత్రం అదే క్షణంలో మా పేరు నిక్షేపంగా ఉంటుంది. డబ్బా ఆపి మళ్ళీ వేస్తే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూశాను. చుట్టూ కొబ్బరితోటే, ఆ గదిలో ఫోన్‌కే సిగ్నల్ అంతంత మాత్రం. మండువా అరుగు మీద కూర్చుంటే వైఫై హాయిగా వస్తుంది. కానీ అక్కడ కాకులు, అత్తయ్యగారి కోసం వచ్చేపోయేవాళ్ళు, పెరట్లో గునపం మీద కొబ్బరికాయలు ఒలిచే చప్పుడు. మీ వెనకాల ఏం జరుగుతోందని క్లయింటు ఆవిడ అడిగేసింది. పైగా తలుపు షరతు ఒకటుందాయె.

ఇంకో చిక్కు మావయ్యగారు. గోడకి మేకు కొడతానంటేనే ఒప్పుకోరు, రంధ్రం మాట ఎత్తనే కూడదు. మా ఆయన కాకినాడలో ఉద్యోగం, ఆదివారం వస్తారు, వచ్చాక కూడా ఈ విషయంలో నాన్నగారి మాటే. ల్యాప్‌టాప్‌ని ముట్టుకోకుండా, గోడని ముట్టుకోకుండా ఏమైనా దారి ఉందాండి? రిపీటర్ (వైఫైని అందుకుని మళ్ళీ ముందుకి పంపే చిన్న డబ్బా) కొనమని కొందరు, మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టి ఒకే వైఫైలా నడిపే డబ్బాల జత) కొనమని కొందరు అంటున్నారు. ఏది కొనమంటారు?


రాజోలు కుర్రోడు:

రిపీటర్ కొని మీ గదిలో ప్లగ్గుకి పెట్టేయండి అక్కా, అయిపోతుంది. మా ఇంట్లో మేడ మీదకి అదే పెట్టాం. సెటప్ అంతా ఫోన్లోనే, ల్యాప్‌టాప్‌తో పని లేదు.


ఫైబర్ బాబాయ్:

అమ్మా, తొందరపడి ఏదీ కొనకండి. నేను రావులపాలెం నుంచి రాజోలు దాకా కేబుల్ లైన్లు లాగిన మనిషిని, తర్వాత ఫైబర్‌కి మారాను. మండువా ఇళ్ళలో డబ్బాలు చాలానే బిగించాను. మీరు రాసినదాంట్లో ఒకటి కాదు, మూడు వేరువేరు రోగాలున్నాయి. మూడింటికీ ఒకే మందు కొంటే డబ్బు దండగ.

ముందు రిపీటర్ సంగతి తేల్చేద్దాం. తమ్ముడు చెప్పినట్టు మీ గదిలో పెడితే పనికిరాదు. ఆ గదికి అసలు సిగ్నలే సరిగ్గా రావట్లేదు, అక్కడ పెట్టిన రిపీటర్‌కి మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? నూతిలో ఉంటేనే కదండీ చేదలోకి వచ్చేది. పెడితే సగం దూరంలో, బాగా అందే చోట పెట్టాలి. అప్పుడు కూడా ఒకే రేడియోతో ఇటు అందుకుని అటు పంపే రకమైతే వేగం సుమారు సగం అయిపోతుంది. మేడ మీదకి సినిమాలు చూసుకోవడానికి సరిపోతుందేమో గానీ, గంటల తరబడి కాల్‌లో ఉండేవాళ్ళకి నేను పెట్టను.

ఇప్పుడు పేరు మాయమయ్యే సంగతి. మీ ఛార్జరు పిన్ను గురించి చదవగానే నాకు అనుమానం తగిలింది. వైఫై మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో నడుస్తుంది, ఒక్కో బ్యాండ్‌లో ఛానెళ్ళనే చిన్న దారులుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్ళు వాడుకోవచ్చు. అమెరికాలో మామూలుగా 11తోనే ఆపేస్తారు. అక్కడి కోసం తయారైన వైఫై కార్డులు చాలా వాటికి 12, 13 ఛానెళ్ళు కంటికి ఆనవు. రూటర్ (అదే మీ నెట్ డబ్బా) ఛానెల్ ఆటోలో ఉంటే, ఆగి లేచినప్పుడల్లా చుట్టుపక్కల ఏది ఖాళీగా ఉందో చూసుకుని అక్కడ కూర్చుంటుంది. 13 మీద కూర్చుందంటే మీ ఫోన్‌కి కనిపిస్తుంది, పక్కింటి వాళ్ళది 6లోనో 11లోనో ఉంటుంది కాబట్టి ల్యాప్‌టాప్‌కి అదీ కనిపిస్తుంది, మీది మాత్రం కనిపించదు. మరి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో చాలా డబ్బాలు రీస్టార్ట్ అవుతాయి. అందుకే మీకు ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. ల్యాప్‌టాప్ పాడై కాదు.

దీనికి ల్యాప్‌టాప్‌ని తాకక్కర్లేదు. ఫోన్లో బ్రౌజర్ తెరిచి డబ్బా అడుగున స్టిక్కరు మీద ఉన్న అడ్రస్ కొట్టండి. మామూలుగా 192.168.1.1 ఉంటుంది. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కూడా ఆ స్టిక్కరు మీదే ఉంటాయి. లేకపోతే మీ నెట్ అబ్బాయిని అడగండి, చెప్తాడు. లోపల వైర్‌లెస్ సెట్టింగుల్లో 2.4 ఛానెల్ దగ్గర ఆటో తీసేసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఆ మూడే ఎందుకంటే ఒకదాని మీదకి ఒకటి రాకుండా ఉండేవి అవే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే పల్లెలో కూడా పక్కింటి వాళ్ళతో గొడవే. 5 గిగాహెర్ట్జ్ వైపు కూడా ఆటో వద్దు, 36 నుంచి 48 లోపు పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రాడార్లు కూడా వాడే చోటు. రాడార్ అని అనుమానం వస్తే రూటర్ ఆ ఛానెల్ వదిలేసి పోతుంది. మీ కాల్ మధ్యలో పోయిందంటే మీకెందుకా తలనొప్పి?

అక్కడే ఉండగా ఇంకో పని. ఇప్పుడు వచ్చే డబ్బాల్లో 2.4కీ 5కీ కలిపి ఒకే పేరు ఇస్తున్నారు. దేన్ని పట్టుకోవాలో ల్యాప్‌టాప్ తనే తేల్చుకుంటుంది, అదేమో దూరంగా ఉన్నా 5నే పట్టుకుని వేలాడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ అయితే డివైస్ మేనేజర్‌లో ఏ బ్యాండ్ ముందు పట్టుకోవాలో చెప్పొచ్చు. మీకు ఆ తలుపు మూసేశారు కాబట్టి రూటర్ దగ్గరే రెండు పేర్లు విడగొట్టండి. ల్యాప్‌టాప్‌కి ఒక్క పేరే చెప్పండి, రెండోది మర్చిపొమ్మనండి. వైఫై పేరు ఎంచుకోవడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ మామూలుగా అడగదు.

ఇక గోడలు. ఆ రోజుల్లో ఇటుకా గానుగ సున్నం, అంత మందం. 5 గిగాహెర్ట్జ్‌కి అలాంటిది ఒక గోడ దాటడమే కష్టం, 2.4 కొంచెం మేలు. పైగా డబ్బా ఇనప బీరువా మీద. ఇనుము లోంచి వైఫై వెళ్ళదు, కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. ముందు దాన్ని అక్కడి నుంచి దింపి, వైరు ఎంత వస్తే అంత గుమ్మం వైపు జరిపి ఎత్తుగా పెట్టి చూడండి.

అసలు మందు మాత్రం మీ ఇంట్లోనే ఉంది. చాలా మండువా ఇళ్ళలో వీధి గుమ్మంలో నిలబడితే పెరట్లో నుయ్యి కనిపించేలా గుమ్మాలు ఒకే వరసలో పెట్టేవారు. ఆ వరసలో అడ్డం గోడ ఉండదు. మండువా నడుమ పైకప్పు కూడా ఉండదు. చుట్టూ వసారా, పైన పెంకు. మీరు అరుగు మీద కూర్చుంటే హాయిగా వస్తోందన్నారు చూడండి, అది అందుకే. డబ్బాయే మండువా వసారాలోకి వచ్చి, మీ గది గుమ్మం కనిపించే చోట చూరు కింద కూర్చుంటే మీకూ దానికీ మధ్య చెక్క తలుపు ఒక్కటే ఉంటుంది. చెక్క అంత అడ్డు కాదు.

దీనికి గోడ తవ్వక్కర్లేదు. రూటర్ నుంచి కాదు, రూటర్ దాకా వచ్చే ఫైబర్ వైరునే పొడిగించమనండి. సన్నటి డ్రాప్ కేబుల్, చూరు వెంబడి వాసాల కింద తీసుకురావచ్చు, గుమ్మం పైన సందులోంచి లోపలికి దూరుతుంది. అందులో వెలుగు తప్ప కరెంటు ఉండదు, ఇంటి లోపల దూరం పెరిగినంత మాత్రాన నెట్ తగ్గదు. మూలల దగ్గర కటిక్కున మడవకూడదు, అంతే. గట్టిగా మడిస్తే వెలుగు బయటికి కారిపోతుంది. బిగించాక అబ్బాయి దగ్గర మీటరు ఉంటే వెలుగు ఎంత అందుతోందో రీడింగు చూపించమనండి. మైనస్ 27 కన్నా కిందకి పోతే డబ్బా ఎర్ర లైటు వేస్తుంది. మైనస్ 20 చుట్టూ ఉంటే బేఫికర్. పెంకుటింట్లో ఎలుకలు, ఉడతలు ఉంటాయి కాబట్టి పైన నడిచే ముక్కకి పీవీసీ గొట్టం వేయించండి. ఇది మాత్రం మర్చిపోవద్దు, నేను రిపేరుకి వెళ్ళిన ఇళ్ళలో సగం ఉడత పళ్ళ పనే.

కరెంటు పోయినప్పటి రోగం గురించి ఒక ప్రశ్న. మీ గదిలో ఛార్జరు పెట్టే ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఉందా? ఫ్యాను, లైటు వరకే ఇచ్చి ప్లగ్గు వదిలేయడం మన దగ్గర మామూలే. ప్లగ్గుకి లేకపోతే కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకి వస్తుంది. విండోస్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు వైఫై కార్డుని కూడా పొదుపులో పెడుతుంది. అసలే బలహీనంగా ఉన్న సిగ్నల్‌కి అది చాలు.

ఇవన్నీ చేశాక, ఫోన్లో ఏదైనా వైఫై అనలైజర్ యాప్ వేసి మీ కుర్చీ దగ్గర అంకె చూసి ఇక్కడ రాయండి. మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, 67 దాకా కాల్ సాఫీగా నడుస్తుంది, 75 దాటితే మీరు చెప్పిన ముక్కల గొంతే.


పెరటిగది:

బాబాయిగారూ, ముందుగా దండాలు. రూటర్ పేజీ ఫోన్లో తెరుచుకుంది. 2.4 ఛానెల్ దగ్గర ఆటో అని ఉంది, పక్కన ప్రస్తుతం 13 అని చూపించింది! అప్పుడు ల్యాప్‌టాప్‌లో పేరు లేదు. 6కి మార్చి సేవ్ కొట్టగానే నిమిషం లోపు ల్యాప్‌టాప్‌లో పేరు వచ్చేసింది. నేను అరిచిన అరుపుకి అత్తయ్యగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు.

రెండు పేర్లు విడగొట్టాను. యాప్‌లో నా కుర్చీ దగ్గర 5 వైపు మైనస్ 84, 2.4 వైపు మైనస్ 76. బీరువా మీద నుంచి దింపి గుమ్మం పక్కన ఎత్తు స్టూలు మీద పెడితే 2.4 మైనస్ 70కి వచ్చింది. కాల్ ముందుకన్నా నయం, ఇంకా అక్కడక్కడా తెగుతోంది. మండువా అరుగు మీదైతే 5 కూడా మైనస్ 58.

ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదండి, మీరన్నట్టే ఫ్యానుకీ లైటుకీ మాత్రమే. పవర్ మోడ్‌ని మార్చే బటను కింద మూల బ్యాటరీ గుర్తు దగ్గర ఉంది, దాన్ని నొక్కితే మాత్రం అడ్డం చెప్పలేదు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎక్కువ పనితనం వైపు పెట్టాను. ఎలక్ట్రీషియన్‌కి కూడా కబురు పెట్టాను.

గుమ్మాల వరస గురించి మీరు రాసింది మావయ్యగారికి చదివి వినిపించాను. ఆయన నవ్వి, గాలి ఆడటానికి కట్టించారు, నీ నెట్టు కోసం కాదు అన్నారు. మేకు లేకుండా చూరు కిందే అయితే సరే అన్నారు మరి.

ఇంకో సందేహం. ఇప్పటికీ తెగుతోంది కదా, అది వైఫై వల్లా, వీపీఎన్ వల్లా అని ఎలా తెలుస్తుంది? కంపెనీ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే మీ ఇంటి నెట్ అండి, మేమేం చేయలేం అని పెట్టేస్తున్నారు.


టికెట్ల మనిషి:

భీమవరం నుంచి. నేను ఇలాంటి హెల్ప్‌డెస్క్‌లోనే పని చేస్తాను (మీది కాదులెండి), కాబట్టి అటు కుర్చీలో ఏం చూస్తామో చెప్తాను.

నెట్ స్లో అని టికెట్ (ఫిర్యాదు) పెడితే మూసేయడం తేలిక. అంకెలు పెడితే మూసేయడం కష్టం. స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొడితే నల్ల తెర వస్తుంది, చాలా కంపెనీలు దీన్ని ఆపవు. అందులో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 192.168.1.1, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, టీ. ఎంటర్ కొడితే మీ ల్యాప్‌టాప్ ఆగకుండా మీ రూటర్‌ని పలకరిస్తూ ఉంటుంది. కాల్ నడుస్తుండగా దాన్ని పక్కన వదిలేయండి. జవాబులు ఐదు పది మిల్లీసెకన్లలో వస్తూ, గొంతు తెగినప్పుడు కూడా అలాగే ఉంటే మీ వైఫై నిర్దోషి. తప్పు బయటి లైనుదో వీపీఎన్‌దో. అదే సమయంలో వందల్లోకి ఎగిరినా, టైమ్‌డ్ అవుట్ అని పడినా వైఫైదే. ఆపడానికి కంట్రోల్, సీ.

ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీల వీపీఎన్ ఇంట్లో ఉన్న ఏ పరికరంతోనూ మాట్లాడనివ్వదు. అప్పుడు పింగ్‌కి జవాబే రాదు, వైఫై పాడైందని కంగారు పడకండి. అలాంటప్పుడు ఫోన్లో పింగ్ యాప్ వేసి, ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, అదే పేరుకి కలిపి చూడండి. అచ్చంగా అదే లెక్క కాదు గానీ దారి తెలుస్తుంది.

టికెట్‌లో ఇలా రాయండి: ఫలానా తేదీ, ఫలానా సమయం, రూటర్ పింగ్ ఇంత, అదే నిమిషంలో కాల్ తెగింది, ఛార్జింగ్‌లో ఉంది లేదా లేదు. స్క్రీన్‌షాట్ జత చేయండి. అడిగేది కూడా సూటిగా అడగండి. యూఎస్‌బీ నుంచి లాన్ వైరు (రూటర్ నుంచి నేరుగా వచ్చే నెట్ వైరు) పెట్టుకునే అడాప్టర్ ఒకటి, మీ కంపెనీ ఆమోదించిన మోడల్, పంపమనండి. మీ ల్యాప్‌టాప్ పల్చటిది అయి ఉంటుంది, లాన్ రంధ్రం ఉండదు. పెన్‌డ్రైవ్ ఆపేసినా నెట్ అడాప్టర్‌ని అనుమతించే కంపెనీలు ఉన్నాయి, రెండూ వేరు నియమాలు. మీ అంతట మీరు కొని గుచ్చకండి, పని చేయకపోతే డబ్బు పోతుంది, పని చేస్తే సెక్యూరిటీ వాళ్ళ దగ్గర నుంచి మెయిల్ వస్తుంది. రోగుల వివరాలు ఉన్న ప్రాజెక్టుల్లో ఆ మెయిల్ ఊరికే రాదు. యూట్యూబ్‌లో రిజిస్ట్రీ మార్చి అడ్మిన్ తెచ్చుకోండి అని చూపించేవాళ్ళ జోలికి అసలు పోకండి.

మీ వైఫై కార్డు డ్రైవర్ పాతదేమో చూడమని కూడా ఒక వాక్యం కలపండి. అది వాళ్ళు దూరం నుంచి మార్చగలిగేది, మీరు మార్చలేనిది.

అడగడం మర్చిపోయాను, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ హబ్ గానీ, డాక్ గానీ తగిలించారా? యూఎస్‌బీ 3.0 వైర్లు, హబ్‌లు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. మీరిప్పుడు సరిగ్గా 2.4 మీదే, బలహీనమైన సిగ్నల్‌తో ఉన్నారు. హబ్ ఉంటే ల్యాప్‌టాప్‌కి దూరంగా జరపండి. బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా ఆ వీధిలోనే తిరుగుతుంది, వైరున్న హెడ్‌సెట్ మేలు.


తోట మకాం:

మాది ముమ్మిడివరం వైపు. ఎవరైనా లాన్ వైరు వేసుకోండి అంటే ఒక మాట విని వేసుకోండి. మాకు ఇంటికి దూరంగా తోటలో మకాం ఉంది, అక్కడికి నెట్ కావాలని ఇంటి నుంచి రాగి లాన్ వైరు చెట్ల మధ్య నుంచి లాగాం. వేసవి చివర్లో ఉరుములతో వాన వచ్చి తోటలో కొబ్బరి చెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మొవ్వు మాడిపోయింది, వైరు రెండు కొసల్లో ఉన్న రెండు డబ్బాల లాన్ రంధ్రాలూ నల్లగా కాలిపోయాయి. వైరుకి పిడుగు తగల్లేదు, దగ్గర్లో పడినా చాలు. ఇప్పుడు ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి ఫైబరే వేసి అటూ ఇటూ మీడియా కన్వర్టర్లు (ఫైబర్ వెలుగుని లాన్ వైరుకి, లాన్‌ని వెలుగుకి మార్చే పెట్టెలు) పెట్టాం. ఒకే కప్పు కింద రాగి వైరుతో ఇబ్బంది లేదు గానీ, మీ పెరటి గది ఇంటికి కలిసి ఉందా, విడిగా ఉందా?


పెరటిగది:

కలిసే ఉందండి, ఒకే పెంకు కింద. మీ పిడుగు సంగతి చదివి మావయ్యగారు మా తోటలో మాడిన చెట్టు కథ కూడా చెప్పారు.

టికెట్ల మనిషి గారూ, పింగ్ పనిచేసింది, వీపీఎన్ అడ్డుకోలేదు. గొంతు తెగిన ప్రతిసారీ పింగ్ కూడా ఎగిరింది. కాబట్టి వైఫైదే. హబ్ ఉంది, మౌస్ కోసం ఎడమ పక్క తగిలించాను. తీసేశాక అంకె మారలేదు గానీ పింగ్ ఎగరడం తగ్గింది. టికెట్‌లో మీరు చెప్పినట్టే రాశాను. ఈసారి పెట్టేయలేదు, అడాప్టర్ సంగతి క్లయింటు వైపు అడగాలి, మేనేజర్ ఆమోదం పెట్టించండి అని జవాబొచ్చింది. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.

బాబాయిగారూ, నెట్ అబ్బాయి రేపు వైరు పొడిగించడానికి వస్తానన్నాడు. మండువాలో పెట్టే చోటు దగ్గర ఇప్పుడు తగాదా. మేకు వద్దన్నారు కదా, మావయ్యగారు వసారా గోడలో ఉన్న దీపం గూట్లో పెట్టుకోమంటున్నారు. నా గదికి ఎదురుగానే ఉంది, ప్లగ్గు కూడా దగ్గర. పెట్టొచ్చా? అన్నట్టు ఇన్వర్టర్ అందుకునేటప్పుడు డబ్బా ఇంకా ఆగి లేస్తూనే ఉంది. ఛానెల్ మారట్లేదు గానీ కాల్ పోతోంది.


ఫైబర్ బాబాయ్:

గూడు మూడు వైపులా గోడే కదమ్మా. ముందుకే పోతుంది సిగ్నల్, వీధి గదికీ వంటింటికీ తగ్గుతుంది. ఇంట్లో టీవీ చూసేవాళ్ళు మీ మీద పడతారు. పైగా గూట్లో గాలి ఆడక డబ్బా వేడెక్కుతుంది, రోజంతా ఆన్‌లో ఉండే వస్తువు. మావయ్యగారిని నొప్పించకుండా మధ్యే మార్గం ఏమిటంటే, వసారా స్తంభానికి చూరు దగ్గర నైలాన్ ట్యాగులతో చిన్న చెక్క కట్టి దాని మీద పెట్టండి. మేకు లేదు, స్తంభం పాడవదు, వద్దనుకున్న రోజు కోసేయొచ్చు. జల్లు కొట్టే వైపు స్తంభం మాత్రం వద్దు. మండువాలో వాన నీళ్ళు ఎటు నుంచి చిమ్ముతాయో మీ అత్తయ్యగారికి బాగా తెలుసు, ఆవిణ్ణి అడిగి తడవని పక్క చూసుకోండి.

అబ్బాయి వచ్చినప్పుడు ఇంకొకటి చూడండి. బయట వాడే డ్రాప్ కేబుల్‌లో ఫైబర్ పక్కన బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. స్తంభం నుంచి ఇంటి దాకా అది కావాలి, ఇంటి చూరు దగ్గర దాన్ని విడదీసి అక్కడే కట్టేసి, లోపలికి ఫైబర్ ముక్క మాత్రం తెమ్మనండి. ముమ్మిడివరం ఆయన చెప్పిన పిడుగు భయం ఆ ఉక్కు తీగకి కూడా ఉంటుంది.

డబ్బా ఆగి లేవకుండా రూటర్లకి పెట్టే చిన్న మినీ యూపీఎస్ దొరుకుతుంది, అమలాపురంలో కంప్యూటర్ షాపుల్లో అడగండి. కొనే ముందు మీ డబ్బా అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసిన చోట ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉందో చూడాలి. ఎక్కువ వాటికి 12 వోల్టులే, ఆంపియర్లలో తేడా ఉంటుంది. యూపీఎస్ ఇచ్చే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా తక్కువ ఉండకూడదు, ఎక్కువ ఉన్నా పర్లేదు. ఆ స్టిక్కరు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఏది కొనాలో చెప్తాను.